ఈ వారం ఏ షిఫ్ట్?

ఖుర్సీపార్, భిలాయి
9 జూన్ 2024, ఆదివారం

అప్పకు తమ్ముడు శరత్ దండాలు.

ఇరవై ఏళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఎవరిదో అనుకుంటావేమో. సీతాలక్ష్మి పిన్నిని బతిమాలితే నీ అడ్రసు ఇచ్చింది. ఫోన్ నంబరు మాత్రం చచ్చినా ఇవ్వనంది. "ఉత్తరం రాసుకో నాయినా. సదివితే సదువుతాది, నేదంటే పొయ్యిలో ఎడతాది" అంది. అందుకని కవరు కొనుక్కొచ్చి కూర్చున్నాను. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడికి కలం పట్టడమంటే మాటలు కాదు.

అమ్మ పోయి నెల దాటింది. ఎండ దెబ్బ, బీపీ, రెండూ కలిసి ఒక్క పూటలో తీసుకుపోయాయి. పన్నెండో రోజుదాకా గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. నువ్వు రాలేదు. సరే, దాని గురించి ఇప్పుడు అడగను.

ఆవిడ సామాను ఎక్కడిదక్కడే ఉంది. కళ్లజోడు టీవీ పక్కన పెట్టాను. ఫ్రేము నీకు తెలిసినదే, కాడ విరిగితే దారం చుట్టుకుని, అద్దాలు మాత్రం మార్పించుకుంటూ వచ్చింది. చుట్టల డబ్బాలో ఇంకా నాలుగు మిగిలాయి. అడ్డపొగ తాగుతూ, నిప్పు నోట్లో ఉండగానే ఎంత మాట్లాడేదో గుర్తుందా? మొన్న ఆ డబ్బా మూత తీసి, వాసనకి ఏడ్చేశాను. ఇనప అట్లకాడతో వనజాక్షి ఇప్పటికీ అట్లు వేస్తోంది. నాన్న ప్లాంటు నుంచి తెచ్చిన కన్వేయర్ బెల్టు ముక్క తలుపు వెనక మేకుకి అలాగే వేలాడుతోంది. దాన్ని చూసి నవ్వొచ్చింది. ఎన్ని దెబ్బలు తిన్నాం అప్పా దాంతో! ఇప్పుడు తలుచుకుంటే అవే తియ్యగా ఉన్నాయి.

అసలు సంగతి ట్రంకుపెట్టె. తల్లి పెట్టె కూతురు మూత తియ్యనిదే కోడలు ముట్టుకోకూడదని మనలో ఆచారం కదా. చీరలు లోపల మగ్గిపోతున్నాయి. ఒక్కసారి వచ్చి వెళ్లు. మా శ్రీవిద్యని కూడా చూద్దువుగాని. తొమ్మిదేళ్లు. ముక్కూ మూతీ, ఆ మొండితనం అంతా నీదే. నేను ప్లాంటుకీ, వనజాక్షి బట్టల షాపుకీ పోతే దాన్ని పెంచిందంతా అమ్మే.

నీ తమ్ముడు,
శరత్


విజయనగరం
20 జూన్ 2024

శరత్‌కి,

ఉత్తరం అందింది. పొయ్యిలో పెట్టలేదు, మాది గ్యాసు స్టవ్వు.

చచ్చినవారి కళ్లు చారెడంటారు. నువ్వు ఆ చారెడు కళ్లకి జోడు కూడా తగిలించావు. నువ్వు చెప్పిన సామానంతా నాకూ గుర్తుంది. అయితే నాకు ఒంటి మీద గుర్తుంది.

ఆ అట్లకాడ పెనం మీంచి నేరుగా నా ఎడమ భుజం మీదికి వచ్చింది. ఏడో తరగతిలో ఉన్నాను, అట్టు మాడ్చాను, అదీ నేరం. ఇప్పటికీ నా జాకెట్లకి చేతులు మోచేతిదాకా ఉంటాయి. నువ్వు ఏడ్చిన ఆ చుట్ట నా కుడి మోచేతి మడతలో మూడు చోట్ల ఉంది. అడ్డపొగ తాగే మనిషికి నిప్పు ఎటు తిప్పాలో బాగా తెలుసు.

కళ్లజోడు సంగతి నువ్వు గమనించి ఉండవు. కొట్టబోయే ముందు అమ్మ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, కిటికీ గూట్లో పెట్టేది. అద్దాలు పగులుతాయని భయం. ఆ జోడు గూట్లోకి వెళ్లిందంటే నేను గోడకి అతుక్కునేదాన్ని. అద్దాలు ఎప్పుడూ పగల్లేదు. నా పై పన్ను ఒకటి పగిలింది. ఇప్పుడున్నది పెట్టుడు పన్ను.

దెబ్బలు తిన్నామని రాశావు. నువ్వెప్పుడు తిన్నావురా? "ఒరే శరతూ, బెల్టట్టుకురారా" అని అరిస్తే పరుగెత్తుకెళ్లి తెచ్చిచ్చింది నువ్వు. ఒకసారి గోడకి చేరబడి బఠాణీలు తింటూ చూశావు. ఒక్కొక్కటే తిన్నావు, అయిపోకుండా.

పెట్టె నేను ముట్టను. తుప్పు పట్టనీ.

ఒక్కటి మాత్రం సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ పిల్లని పెంచిందంతా ఆవిడే అని రాశావు. శ్రీవిద్యని కొట్టేదా?

అరుణజ్యోతి


ఖుర్సీపార్, భిలాయి
2 జులై 2024

అప్పకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. పోయిన మనిషి మీద ఇంత విషమా? నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. బెల్టు తెమ్మంటే తెచ్చాను, తేకపోతే ఏమయ్యేదో నీకే తెలుసు. బఠాణీలు నాకు గుర్తులేవు.

అమ్మ పద్దెనిమిదేళ్లకి పాలకొండ దగ్గర పల్లె వదిలి, హిందీ ముక్క రాకుండా ఈ కొలిమి పక్కకి కాపురానికి వచ్చింది. నాన్న కోక్ ఓవెన్ల మీద ఒళ్లు కాల్చుకుని వచ్చి, తాగి, ఆవిడ తలని గోడకేసి కొట్టేవాడు. గోడ మీద నూనె మరక ఉండేది చూశావా, అది ఆవిడ జడది. ఆవిడ కోపం ఎక్కడ తీర్చుకుంటుంది చెప్పు? మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మనల్ని నాలుగు వేసింది. మన వీధిలో పిల్లల్ని కొట్టని ఇల్లు ఒక్కటి చూపించు.

శ్రీవిద్యని అమ్మ పువ్వులా చూసుకుంది. అల్లరి చేస్తే ఒకటీ అరా, అంతే. నీకు అంత అనుమానం అక్కర్లేదు.

మాది నువ్వనుకునే ఇల్లు కాదు. పిల్లకి నేనంటే ప్రాణం. ప్రతి ఆదివారం సాయంత్రం నా దగ్గరికొచ్చి, "పాపా, ఇస్ హఫ్తే కౌన్‌సీ షిఫ్ట్?" అని, ఈ వారం ఏ షిఫ్టో అడుగుతుంది. ఫస్ట్ షిఫ్టయితే రెండింటికల్లా వచ్చేస్తాను, సెకండ్ షిఫ్టయితే రెండింటికి వెళ్లి రాత్రి పదికి వస్తాను. నేను ఏది చెబితే అది క్యాలెండరులో పెన్సిలుతో రాసుకుంటుంది. ఒకటో తరగతి నుంచీ ఇదే అలవాటు. అమ్మ పోయాక కూడా ఒక్క ఆదివారం మానలేదు. తండ్రి ఇంట్లో ఎప్పుడుంటాడా అని అంత ఆత్రం. నీకు పిల్లలు లేరు, నీకిది అర్థం కాదు.

పెట్టె సంగతి మళ్లీ ఆలోచించు.

శరత్


విజయనగరం
14 జులై 2024

శరత్,

నాకు పిల్లలు లేరు. అయినా ఇది నాకు అర్థమైనంత బాగా ఈ భూమ్మీద ఇంకెవరికీ అర్థం కాదు.

నేనూ నాన్నని అడిగేదాన్ని. ఆదివారం సాయంత్రం ఆయన బూట్లు తుడుచుకుంటూ ఉంటే పక్కన నిలబడి, "నాన్నా, ఈ వారం ఏ షిఫ్ట్?" అనేదాన్ని. ఆయన మురిసిపోయి, "నా తల్లే! నానంటే ఎంత పేనమో సూడండి" అని అందరికీ చెప్పుకునేవాడు. సెకండ్ షిఫ్ట్ వారమంటే బడి నుంచి వచ్చాక రాత్రి పదిదాకా అమ్మా నేనూ. ఆయన తాగుబోతే, ఆవిడని కొట్టేవాడే, కాదనను. కానీ ఆయన ఇంట్లో ఉంటే ఆవిడ చెయ్యి నా మీద లేచేది కాదు. నేను క్యాలెండరు మీద రాసుకోలేదు, మన ఇంట్లో క్యాలెండరు లేదు. తలుపు చెక్క మీద గోటితో గీసుకునేదాన్ని.

నీ కూతురు ఒకటో తరగతి నుంచీ ఎందుకు అడిగిందో ఇప్పుడైనా తెలిసిందా? నువ్వు ఏ వారం ఇంట్లో ఉండవో తెలుసుకుని ఒళ్లు బిగబట్టుకోవడానికి.

ఇది రాశాక నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఎందుకంటే నువ్వు ఇంకో మాట రాశావు. అమ్మ పోయాక కూడా మానలేదని.

అమ్మ బూడిదై రెండు నెలలు దాటింది. ఇంక ఆ పిల్ల ఎవరికి భయపడి అడుగుతోంది? అప్పుడు నువ్వు ఏ వారం ఉండవో కనుక్కునేది. ఇప్పుడు ఏ వారం ఉంటావో కనుక్కుంటోంది. నేను చెప్పింది తప్పయితే నా ముఖాన ఉమ్మెయ్యి. తప్పు కాకపోతే, ఆ తలుపు వెనక బెల్టుకి దుమ్ము ఉందో లేదో చూసి రాయి.

అరుణజ్యోతి


ఖుర్సీపార్
25 జులై 2024

నా ఇంటి సంగతి నీకు అనవసరం. నా పిల్ల, నా ఇల్లు, నా చెయ్యి. పెళ్లి చేసుకున్నవాడితో నాలుగేళ్లు కాపురం చేయలేనిదానివి నువ్వు నాకు నీతులు చెబుతావా? తల్లి శవం చూడ్డానికి రాని మనిషివి.

ఇంకొక్క ఉత్తరం వచ్చిందంటే బండెక్కి విజయనగరం వస్తాను. అమ్మ ఒక్క పన్నే రాల్చింది. మిగతావి నేను రాలుస్తాను.

శరత్


ఖుర్సీపార్, భిలాయి
18 ఆగస్టు 2024

అప్పా,

ఈ ఉత్తరం చింపకుండా చివరిదాకా చదువు. పోయినసారి రాసినదానికి నన్ను చెప్పుతో కొట్టు.

మొన్న పదిహేనో తేదీ శ్రీవిద్య స్కూల్లో జెండా వందనం చేసి, లడ్డూ తెచ్చుకుంది. నాకు సెలవు. వనజాక్షి వంటింట్లో ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి ముందు గదిలో పటపటమని చప్పుడు. పిల్ల అమ్మ కళ్లజోడు నేల మీద పెట్టి స్కూలు బూట్లతో తొక్కుతోంది. ఒక్కసారి కాదు, అద్దాలు పొడి అయిపోయినా తొక్కుతూనే ఉంది. నన్ను చూసింది, అయినా ఆగలేదు. దానికి నాకు ఇంకా మండింది.

నేను వాచీ తీసి టీవీ మీద పెట్టాను. తలుపు వెనక్కి వెళ్లాను. బెల్టుకి దుమ్ము లేదు అప్పా. నీకు కావలసిన జవాబు అది.

"సెయ్యి సాపు" అన్నాను. నేను ఇక్కడ పుట్టినవాణ్ణి, సగం హిందీ మాట్లాడేవాణ్ణి, ఆ యాస నా నోట్లో ఎప్పుడూ లేదు. ఆ మాట అమ్మది, ఆ గొంతూ అమ్మదే. నేను అనకముందే పిల్ల రెండు అరచేతులూ చాపి నిలబడింది. మొదటి దెబ్బకి చేతులు వెనక్కి తియ్యలేదు. అలా నిలబడడం నేను నేర్పింది కాదు. నాలుగో దెబ్బకి వనజాక్షి అడ్డం వచ్చింది. బెల్టు కొసకి ఇనప క్లిప్పు ఉంటుంది, నీకు తెలుసు. అది ఆవిడ కనుబొమ్మని చీల్చింది. ఇంకాస్త కిందికి తగిలితే కన్ను పోయేది. చీర కుచ్చిళ్లదాకా రక్తం. నేను అప్పుడు కూడా ఆగలేదు. ఇంకో రెండు వేశాక, నేను ఎవరిని కొడుతున్నానో నాకే తెలియలేదు.

ఏడు కుట్లు పడ్డాయి. మెట్ల మీద జారిపడ్డానని వనజాక్షి డాక్టరుకి చెప్పింది. మా ఇంటికి మెట్లు లేవు. నేను పక్కన నిలబడి తలూపాను.

నీకు జులైలో అబద్ధం రాశాను. రెండేళ్ల కిందట వనజాక్షి పిల్ల పిక్కల మీద వాతలు చూపించి, "మీ అమ్మని అడగండి, మీకు దండం పెడతాను" అని ఏడ్చింది. "మా అమ్మ ప్రేమతో కొడుతుంది. నన్ను పెంచలేదా?" అన్నాను. ఆ తర్వాత వనజాక్షి నాకు ఏ వాతా చూపించలేదు. అమ్మ పోయాక వారం తిరక్కుండానే నేను మొదలుపెట్టాను. పిల్ల మాట వినడం మానేసిందనుకున్నాను. అమ్మ ఉంటే అదుపులో ఉండేదనుకున్నాను.

బఠాణీలు కూడా గుర్తున్నాయి. మరమరాల్లో కలిపినవి.

ఏం చెయ్యాలో చెప్పు. బెల్టు కాల్చేస్తాను. గుడిలో ఒట్టు వేస్తాను. నువ్వు ఏది చెబితే అది.

శరత్


విజయనగరం
24 ఆగస్టు 2024

శరత్,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. కాగితం మీద నీ కన్నీళ్ల మరకలు కూడా కనిపించాయి. ఆ తడి నాకు పనికిరాదు. నాన్న కూడా కొట్టాక ఏడ్చేవాడు, అమ్మ జడ విప్పి నూనె రాసేవాడు, మర్నాడు మళ్లీ గోడ.

ఆ పిల్ల కళ్లజోడు ఎందుకు తొక్కిందో నేను నీకు జూన్‌లోనే రాశాను. నువ్వు దాన్ని తీసుకెళ్లి టీవీ పక్కన, దేవుడి పటంలా పెట్టావు. రోజూ దాని ఎదురుగా కూర్చుని ఆ పిల్ల అన్నం తినాలి. నేనయితే మొదటి రోజే తొక్కేదాన్ని. నువ్వు వాచీ తీసి పెట్టానని రాశావు, ఎందుకు రాశావో నీకు తెలుసా? నువ్వు మళ్లీ ఆలోచించుకో.

బెల్టు కాల్చకు. గుడికీ వెళ్లకు. అమ్మ అట్లకాడతో కాల్చింది, చుట్టతో కాల్చింది, బెల్టు లేని రోజు ఉత్తి చేత్తో పన్ను రాల్చింది. వస్తువులదేముంది, ఇల్లంతా ఖాళీ చేసినా నీ చెయ్యి నీ దగ్గరే ఉంటుంది.

వచ్చే శనివారం నేను భిలాయి వస్తున్నాను. పెట్టె కోసం కాదు. నేను వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండకూడదు. వనజాక్షీ, శ్రీవిద్యా నాతో వస్తారు. వనజాక్షికి పిన్ని ఫోన్‌లో అంతా చెప్పింది, ఆవిడ ఒప్పుకుంది. నువ్వు చెయ్యవలసిందల్లా స్కూల్లో టీసీ కాగితం మీద సంతకం పెట్టడం. పెట్టనంటే ఇంకో దారి ఉంది. నీ ఉత్తరాలన్నీ నా దగ్గర తేదీల వరసలో ఉన్నాయి. వనజాక్షి కేసు పెడతానంటే సాక్ష్యం చెప్పడానికి నేను ఎన్నిసార్లయినా దుర్గ్ కోర్టుకి వస్తాను.

పిల్లని ఒక్కదాన్నే ఎందుకు రమ్మనడం లేదో కూడా చెబుతాను, నీకు చెప్పకపోతే నాదీ అబద్ధమే అవుతుంది. పదకొండేళ్ల కిందట ఇక్కడ ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆరో తరగతి పిల్ల ఎక్కం తప్పు చెప్పింది. డస్టరు చెక్క వైపు తిప్పి దాని వేళ్ల కణుపుల మీద కొట్టాను. రెండో దెబ్బ వెయ్యబోతూ, అది మెదలకుండా చెయ్యి అలాగే పెట్టి ఉంచడం చూశాను. ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశాను. అప్పటినుంచీ లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్లులు రాసుకుంటున్నాను. మొగుణ్ణి ఎందుకు వదిలేశావని ఎత్తిపొడిచావు. ఆయన పిల్లలు కావాలన్నాడు, నేను వద్దన్నాను. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. అందుకే వనజాక్షి నా ఇంట్లో ఉండాలి, నన్ను చూస్తూ ఉండాలి.

అరుణజ్యోతి


ఖుర్సీపార్, భిలాయి
3 సెప్టెంబరు 2024

అప్పా,

టీసీ మీద సంతకం పెట్టాను. శనివారం పొద్దున్నే క్వార్టర్ తాళం పక్కింటి సతీష్‌కుమార్ వాళ్లకివ్వమని వనజాక్షికి చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాను. రోజంతా క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని కింద నడిచే మనుషుల్ని చూశాను. పైనుంచి అందరూ శ్రీవిద్య అంత కనిపించారు.

శుక్రవారం రాత్రి దాని బట్టలు సర్దుదామని వనజాక్షి బీరువా తీస్తే, అందులో రెండు గౌన్లు లేవట. స్కూలు బ్యాగు వెనక ఇంకో సంచీ ఉంది. అందులో రెండు గౌన్లు, టవలు, పళ్ల పేస్టు, ఒక బిస్కెట్ ప్యాకెట్. ప్యాకెట్ మీద తేదీ పోయినేడాదిది. "ఎక్కడికెళ్దామనుకున్నావే?" అని వనజాక్షి అడిగితే, "కహీఁ భీ" అందట. ఎక్కడికైనా సరే అని.

ఇది ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. నీకు తప్ప చెప్పుకునే దిక్కు లేదు.

నేను ఎప్పుడు రావచ్చు?

శరత్


విజయనగరం
27 అక్టోబరు 2024

శరత్,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యం చేశాను. కావాలనే చేశాను.

వనజాక్షికి కోట దగ్గర ఒక బట్టల షాపులో పని దొరికింది. కనుబొమ్మ దగ్గర వెంట్రుకలు మళ్లీ మొలవలేదు, కాటుక పెన్సిలుతో దిద్దుకుంటోంది. శ్రీవిద్య ఐదో తరగతిలో చేరింది. తెలుగు చదవడం రాదని పిల్లలు ఏడిపిస్తున్నారు. అన్నం బాగా తింటోంది. ఇంట్లో ఒకరు గబుక్కున లేచి నిలబడితే చాలు, గోడకి అతుక్కుపోతోంది. నేను ఇప్పుడు లేవబోయే ముందు "లేస్తున్నానమ్మా" అని చెప్పి లేస్తున్నాను.

నిన్నటి సంగతి రాయడానికే ఈ ఉత్తరం. పక్కింటి పిల్ల ఏదో హిందీ మాటకి నవ్విందని, మన పిల్ల స్టీలు స్కేలు తీసుకుని దాని తల మీద కొట్టింది. ఒకటి కాదు, ఐదారు. మేం వెళ్లేసరికి ఆ పిల్ల జుట్టంతా రక్తం. వాళ్లమ్మ వీధంతా వినబడేలా తిట్టింది. తిట్టనీ, ఆవిడ తప్పేముంది? ఆ పిల్లకి కట్టు కట్టించి తీసుకొచ్చాం.

తిరిగి వచ్చాక శ్రీవిద్య నా ఎదురుగా వచ్చి అరచేతులు చాపి నిలబడింది. నా చెయ్యి లేచింది శరత్. నీ దగ్గర దాచను. భుజందాకా లేచింది. వనజాక్షి గుమ్మంలో ఉంది. నేను ఆ చేతిని నా కిందే పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. పిల్ల చేతులు చాపుకునే నిలబడింది. ఎంతసేపు గడిచిందో తెలీదు.

"కొట్టవా అత్తా?" అంది.

"కొట్టను."

"మమ్మీ కొడుతుందా?"

"అమ్మా కొట్టదు. ఎవరూ కొట్టరు."

అది ఊరట పడుతుందనుకున్నాను. ఏడుపు అందుకుంది. బెల్టు దెబ్బలకి కూడా ఏడవని పిల్ల, నేలకేసి కాళ్లు తన్నుకుంటూ ఏడ్చింది. "తో ఫిర్ ఖతమ్ కైసే హోగా?" అంది. మరి ఇది అయిపోయేదెలా అని. దెబ్బలు పడితే తప్పు అయిపోతుంది, అన్నం పెడతారు, పడుకోవచ్చు. దెబ్బలే లేకపోతే తను చేసినది ఎక్కడికి పోతుంది, ఎప్పటిదాకా ఉంటుంది అని అడుగుతోంది. నా ఒడిలో పడి, నా చెయ్యి తనే పట్టుకుని తన వీపు మీద వేసుకుని, "మారో నా, అత్తా" అంది, కొట్టమని.

ఆ చెయ్యి ఎత్తకుండా దాని వీపు మీదే ఉంచాను. ఇది అయిపోయేదెలాగో నాకే తెలీదు. నాకు నలభై ఏళ్లు దాటాయి, నాది ఇంకా అయిపోలేదు.

నీకు తెలిస్తే రాసి పంపు. నువ్వు మాత్రం రాకు.

అరుణజ్యోతి